ఎస్‌ఎంపీఎస్ కొనేముందు లేబుల్ చదవండి

ఎండలు ముదిరాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో వినిపించేది ఒకటే మాట: "కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది". విజయవాడ, గుంటూరు నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కడెక్కడ తిరిగినా చివరికి ఎస్‌ఎంపీఎస్ దగ్గరికే చేరాయి. గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన చిన్న వోల్టులుగా మార్చి ఇచ్చే డబ్బా అది. అందుకని మిగతావాటిని వచ్చే నెలకు జరిపి, ఈ నెలంతా దానికే ఇచ్చేశాం. ఉత్తరాలను కొంత కుదించాం.

ఇంజినీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

50 వేలలో పీసీ కట్టించుకుంటున్నాను. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఏఎండీ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. క్యాబినెట్‌తో 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉచితంగా వస్తుంది, అదే సరిపోతుందంటున్నారు షాపులో. విడిగా మంచిది తీసుకుంటే ఇంకో నాలుగు వేలు. ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టుకోనా? ఉచితంగా ఇచ్చేదాని లేబుల్ ఇది: 3.3 వోల్టులు 20 ఆంపియర్లు, 5 వోల్టులు 22 ఆంపియర్లు, 12 వోల్టులు 14 ఆంపియర్లు, మైనస్ 12 వోల్టులు అర ఆంపియర్, 5 వోల్టుల స్టాండ్‌బై 2 ఆంపియర్లు.

లేబుల్ రాసి పంపి మంచి పని చేశారు, జవాబు సగం అందులోనే ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 3.3ని 20తో గుణిస్తే 66. 5ని 22తో గుణిస్తే 110. 12ని 14తో గుణిస్తే 168. మైనస్ 12 నుంచి ఒక 6, స్టాండ్‌బై నుంచి ఒక 10. అన్నీ కలిపినా 360 దాటలేదు. డబ్బా మీదేమో 450! పక్కింటివాళ్లు చెప్పనక్కర్లేదు, దాని గుట్టు అదే బయటపెట్టుకుంది.

ఆ 360 కూడా మీకు పనికొచ్చే లెక్క కాదు. ఒకప్పటి ప్రాసెసర్లు 5 వోల్టుల లైను మీద నడిచేవి. 2000లో పెంటియం 4 రోజుల్లో ఏటీఎక్స్12వీ అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణం వచ్చాక ఆ భారం 12 వోల్టుల లైనుకు మారింది. ఇవాళ ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ అక్కడి నుంచే తాగుతాయి. 3.3, 5 వోల్టుల లైన్ల మీద మిగిలింది ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ లాంటి చిల్లర ఖర్చే. మీకు ఇస్తున్నది ఆ పాతకాలపు డిజైను. అవసరం లేని చోట ఆంపియర్లు పోగేసి, కావలసిన చోట పిసినారితనం చూపించింది.

ఇప్పుడు మీ అవసరం లెక్కేద్దాం. 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుందని ఇంటెల్ చెబుతుంది. ఆర్ఎక్స్ 6600 కార్డుది 132 వాట్లు. ఇవి రెండూ 249. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఒక 50 వేసుకోండి. మొత్తం 300, దాదాపు అంతా 12 వోల్టుల లైను మీదే. అంటే 25 ఆంపియర్లు కావాలి. లేబుల్ నిజమే చెప్పిందనుకున్నా అక్కడున్నది 14. డెస్క్‌టాప్ వస్తుంది, సినిమా ఆడుతుంది, మొదటి పెద్ద గేమ్‌కు ఠప్‌మని ఆగుతుంది. నిజానికి ఆగితే అదృష్టం. లోపల రక్షణ సర్క్యూట్లు లేనిదైతే ఆగకుండా వేడెక్కి, పోతూ పోతూ బోర్డునో కార్డునో వెంటబెట్టుకుపోతుంది.

పైగా గ్రాఫిక్స్ కార్డు సగటున 132 వాట్లే అయినా, సెకనులో వెయ్యో వంతు సేపు అంతకంటే బాగా ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపు తట్టుకోవాలి కాబట్టి 12 వోల్టుల లైను ఒక్కటే 400 వాట్లు, అంటే 33 ఆంపియర్లకు పైన ఇవ్వగలది తీసుకోండి. ఈ కార్డుకు 450 వాట్లది కావాలని ఏఎండీయే చెబుతుంది. నాణ్యమైన 450 మీకు సరిపోతుంది. ధరలో తేడా ఐదారు వందలే అయితే మా ఓటు 550కి. రెండేళ్ల తర్వాత కార్డు మార్చినా అదే పనికొస్తుంది.

షాపులో డబ్బా చేతికిచ్చాక చూడాల్సినవి చెబుతాం. మొదట లేబుల్ మీద 12 వోల్టుల గడి. 550 వాట్లదైతే అక్కడ 40 ఆంపియర్లకు పైన ఉండాలి, మంచివాటిలో 45 దాకా ఉంటుంది. కొన్నిటి మీద 12వీ1, 12వీ2 అని రెండు గడులుంటాయి. ఆ రెంటినీ కూడేసుకోకండి, కింద రెంటికీ కలిపి రాసిన వాట్ల అంకె ఒకటుంటుంది, అదే అసలైనది. తర్వాత వెనకవైపు తిప్పండి. పవర్ సాకెట్ పక్కన 115, 230 అని ఎర్రటి జరుపుడు స్విచ్చి ఉంటే కింద పెట్టేయండి. అది యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును కుదుపుల్లేకుండా తీసుకునే సర్క్యూట్) లేని పాత రకమని అర్థం. పొరపాటున 115 వైపు జరిగి ఉండగా మన 230 కరెంటు ఇచ్చారా, లోపలి కెపాసిటర్లు టపాకాయలే. మూడోది చేతి తూకం. ఉచితంగా వచ్చేవి ఎండుకొబ్బరి చిప్పల్లా తేలిగ్గా ఉంటాయి, మంచి 550 కిలోన్నరకు అటూఇటూ తూగుతుంది. తూకమంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్, కాయిల్స్, హీట్‌సింక్‌లది.

వైర్ల మీద సన్నటి అక్షరాలతో గేజి రాసి ఉంటుంది. 18 ఉండాలి. 20, 22 అని ఉంటే అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. మీ కార్డుకు 6+2 పిన్నుల కనెక్టరు ఒకటి, ప్రాసెసర్‌కు 4+4 పిన్నులది ఒకటి ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉన్నా వైర్ల వరస తలకిందులు, ఒకదాని బదులు ఇంకోటి బలవంతంగా దూర్చకూడదు. ప్రాసెసర్ వైరు పొడవు కూడా చూడండి. ఇప్పటి క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ అడుగున కూర్చుంటుంది, ప్రాసెసర్ సాకెట్ పైమూలన. బోర్డు వెనక నుంచి తిప్పి తేవాలంటే 60 సెంటీమీటర్లయినా కావాలి. చవకవాటిలో 40 ఉంటుంది, అది గాలిలో వేలాడుతూ బోర్డు ముందు నుంచి వస్తుంది.

లేబుల్ మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఐఎస్ 13252, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు వెతకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరు తయారుచేసిందీ వస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడే చేసుకోవచ్చు, రెండు నిమిషాల పని.

ఇక బ్రాండు. కోర్సెయిర్, కూలర్ మాస్టర్, డీప్‌కూల్, యాంటెక్, ఎంఎస్ఐ — వీటి బ్రాంజ్ తరగతిలో మీ బడ్జెట్‌కు దొరుకుతాయి. బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పే 80 ప్లస్ ముద్రల్లో మెట్లు. అయితే ఒకే కంపెనీలో గట్టి మోడలూ ఉంటుంది, నాసి మోడలూ ఉంటుంది. పేరు చూసి కళ్లు మూసుకోకండి. 2021లో గిగాబైట్ సంస్థ పీ750జీఎం, పీ850జీఎం మోడళ్లు పరీక్షల్లో పేలిపోతున్నాయని గొడవై, ఆ సంస్థే వాటిని మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అవి రెండూ గోల్డ్ ముద్ర ఉన్నవే! మోడల్ నంబరు పూర్తిగా రాసుకుని, ఎస్‌ఎంపీఎస్‌లను పరీక్షించే సైబెనెటిక్స్ వాళ్ల సైటులో పరీక్షా నివేదిక ఉందేమో చూడండి, ఉచితమే. వారంటీ మూడేళ్లకు తక్కువైతే వద్దు. ఐదేళ్లుంటే ఇంకో మూడు వందలు పెట్టొచ్చు. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు అడిగి రాయించుకోండి.

ర్యామ్ సంగతంటారా, ఇవాళ 8 జీబీతో మొదలుపెట్టి సంక్రాంతికి ఇంకో 8 గుచ్చుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌ను అలా వాయిదాల్లో కొనలేం.

గృహిణి, పటమట, విజయవాడ

మా అబ్బాయి 650 వాట్ల గోల్డ్ కావాలని పట్టుబడుతున్నాడు. అంత పెద్దది పెడితే కరెంటు బిల్లు పెరగదా? గోల్డ్ అంటే బిల్లు తగ్గుతుందంటాడు వాడు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ కొంత కొంత. 650 అనేది ఇవ్వగలిగిన గరిష్ఠం, ఎప్పుడూ తాగే లెక్క కాదు. బిందె పెద్దదైనంత మాత్రాన ఇంటిల్లిపాదీ ఎక్కువ నీళ్లు తాగరు కదా. కంప్యూటర్‌కు 300 వాట్లు కావాలంటే 550 అయినా 650 అయినా ఇచ్చేది 300లే.

తేడా లోపల వృథా అయ్యేదానిలో ఉంటుంది. సగం లోడులో మామూలు 80 ప్లస్‌ది తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం, బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం కంప్యూటర్‌కు అందించాలి. 300 వాట్లు ఇవ్వడానికి గోడ సాకెట్ నుంచి మొదటిది 375, బ్రాంజ్ 353, గోల్డ్ 333 లాగుతాయి. బ్రాంజ్‌కూ గోల్డ్‌కూ తేడా 20 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు రెండున్నర యూనిట్లు కూడా లేదు. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా 15 రూపాయలు. గోల్డ్‌కు పెట్టే అదనపు రెండు వేలు ఆ లెక్కన వెనక్కి రావాలంటే పదకొండేళ్లు పడుతుంది. బాబు గోల్డ్ కోరడానికి మంచి కారణాలు వేరే ఉన్నాయి: ఫ్యాన్ చప్పుడు తక్కువ, లోపలి భాగాలు సాధారణంగా మెరుగు. బిల్లు పేరు చెప్పి మాత్రం ఒప్పించలేడు. బడ్జెట్ పీసీకి బ్రాంజ్ చాలు.

ప్రైవేటు ఉద్యోగి, భవానీపురం, విజయవాడ

600 వీఏ యూపీఎస్ ఉంది. కరెంటు పోయినప్పుడు మామూలు పనిలో బాగానే నిలబడుతుంది. గేమ్ ఆడుతున్నప్పుడు పోతే మాత్రం పీసీ కూడా పోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టి చూశా, అదీ అంతే. ఎస్‌ఎంపీఎస్ పాడైందా? ఐ5, ఆర్ఎక్స్ 6600, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్.

ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉండి ఉంటుంది. యూపీఎస్ మీద వీఏ అని రాసినది వాట్లు కాదు. ఈ చిన్న యూపీఎస్‌లకు 0.6తో గుణించుకోవాలి, 600 వీఏ అంటే 360 వాట్లు. గేమ్‌లో మీ పీసీ గోడ నుంచి 350కి పైనే లాగుతుంది, మానిటర్‌కు ఇంకో 30. కరెంటు పోయిన క్షణాన యూపీఎస్ మోయలేక చేతులెత్తేస్తుంది. వెబ్ చూస్తున్నప్పుడు అదే పీసీకి వంద వాట్లు కూడా అక్కర్లేదు, అందుకే నిలబడుతోంది. మీకు కావలసింది 1000 వీఏ, 600 వాట్లది. 600 వీఏ వాటిలో సాధారణంగా ఉండేది 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ. గేమ్ లోడులో అది రెండు మూడు నిమిషాల మాటే. సేవ్ చేసుకుని ఆపేయడానికి ఉద్దేశించింది, ఆడుతూ కూర్చోవడానికి కాదు.

ఇన్వర్టర్ కథ వేరు. మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి ప్రతి పరికరానికీ కొంత సమయం పడుతుంది. ఆ ఖాళీలో కంప్యూటర్‌ను నడిపేది ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో నిల్వ ఉన్న కరెంటు. మంచి ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడులో 16, 17 మిల్లీసెకన్లు అలా ఊపిరి బిగపట్టగలదు. సగం లోడులో ఇంకా ఎక్కువ సేపు. యూపీఎస్ పది మిల్లీసెకన్లలోపే మారుతుంది. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంతకంటే నెమ్మది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్చి ఉంటుంది, దాన్ని అటు వేసి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

తీరకపోతే ఇన్వర్టర్ ఏ తరంగం ఇస్తుందో చూడండి. స్క్వేర్ వేవ్ రకమైతే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు దానితో పడదు. జుమ్మని మోగుతుంది, రీస్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి అసలు నడవనంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ పేచీ లేదు.

అన్నట్టు, ఇదే ఉత్తరంలో స్టెబిలైజర్ కూడా కొనమంటారా అని అడిగారు. వద్దు. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ 100–240 అని ఉంటే వేసవిలో వోల్టేజి 170కి పడినా అది సర్దుకుంటుంది. కొన్నిటికి 200–240 అనే ఉంటుంది. వోల్టేజి పడిపోయే వీధిలో ఉన్నవాళ్లు అవి కొనకూడదు. ఎక్కువైతేనే ప్రమాదం. వీధి లైనులో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300 పైచిలుకు వోల్టులు రావచ్చు. లైట్లు కొన్ని ఎర్రగా మాడి, కొన్ని కళ్లు చెదిరేలా వెలుగుతుంటే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయండి.

అద్దె ఇంట్లో ఉంటున్న పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

చెప్పుల్లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. షాపువాళ్లు ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇచ్చారు. అయినా అదే తంతు.

ఇంకో పది మార్చినా అదే తంతు. లోపం ఇంటి ఎర్తింగ్‌లో ఉంది. ప్రతి ఎస్‌ఎంపీఎస్ లోపలా ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు డబ్బాకు రెండు చిన్న కెపాసిటర్లు కట్టి ఉంటాయి, విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్త్ లేకపోతే ఆ రెంటి నడుమ డబ్బా సగం వోల్టేజి దగ్గర, అంటే 115 ప్రాంతంలో తేలుతుంది. కరెంటు చాలా కొద్దిదే, మనిషిని పట్టుకునేంత కాదు. కానీ ఎస్‌ఎంపీఎస్ లోపల నిజంగా ఫేజు డబ్బాకు తగిలిన రోజున మిమ్మల్ని కాపాడాల్సిన తీగే అక్కడ లేదన్నది అసలు భయం.

పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటరుతో మూడు కొలతలు తీయించండి. ఫేజు-న్యూట్రల్ 230 ప్రాంతంలో ఉండాలి. ఫేజు-ఎర్త్ దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టులు మించకూడదు. మూడోది 20, 50 అలా చూపిస్తే ఎర్త్ తెగింది లేదా గుంత ఎండిపోయింది. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం పెద్దవాళ్ల చాదస్తమనుకుంటారు గానీ, అది పనిచేసే చాదస్తమే.

ఎర్త్ పిన్నును సాకెట్‌లోనే న్యూట్రల్‌కు కలిపేస్తే జివ్వు ఆగుతుందని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన నాడు క్యాబినెట్ మొత్తం ఫేజు అయిపోతుంది. కుళాయి గొట్టానికి కట్టడమూ అంతే. ఇప్పటి గొట్టాలు చాలావరకు ప్లాస్టిక్‌వి. ఇంటి యజమానిని అడిగి ఎర్త్ వేయించుకోవడం ఒక్కటే దారి. స్పైక్ గార్డు కూడా ఎర్త్ ఉంటేనే తన పని పూర్తిగా చేస్తుంది.

కమీషన్ దుకాణం గుమస్తా, మిర్చి యార్డు, గుంటూరు

లెక్కల కంప్యూటర్ సీజన్‌లో గరగర శబ్దం చేస్తుంది, మధ్యాహ్నం పూట ఆగిపోతుంది. ఏడాదికో ఎస్‌ఎంపీఎస్ పోతోంది. ఫ్యాన్‌లో కొబ్బరినూనె చుక్క వేస్తే తగ్గుతుందంటున్నారు, వేయమంటారా?

వద్దండి. కొబ్బరినూనె నాలుగు రోజులు నున్నగా తిప్పి, తర్వాత కారం దుమ్మును పట్టుకుని బంక అవుతుంది. మీ శత్రువు ఆ దుమ్మే. సన్నటి ఎర్రపొడి, గింజల పొట్టు ఫ్యాన్ రెక్కల మీదా, లోపలి హీట్‌సింక్‌ల సందుల్లోనూ పేరుకుని దుప్పటి కప్పినట్టవుతుంది. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు వేడి పడదు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. మేలో బయటే 44 ఉంటే డబ్బా లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. ఆగస్టులో ఇంకో బాధ. ఆ దుమ్ము తేమ పీల్చుకుని కరెంటుకు దారి ఇస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ప్లగ్గు పీకేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పది నిమిషాలాగి క్యాబినెట్‌ను ఆరుబయటకు తీసుకెళ్లండి. మీ ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ జాలీలోంచి పెన్సిల్ దూర్చి రెక్క తిరగకుండా ఆపి, బ్లోయర్ గాలి మొదట వెనక జాలీ నుంచి, తర్వాత ఫ్యాన్ వైపు నుంచి కొట్టండి. రెక్కను ఆపకపోతే గాలికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు అరుగుతుంది. సీజన్‌లో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి చాలు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైన నిలిచి ఉండొచ్చు, ప్రాణాంతకం.

క్యాబినెట్ నేల మీద ఉంటే రెండడుగుల ఎత్తు బల్ల మీదికి మార్చండి. గాలి పీల్చే చోట్ల దోమల జాలీలాంటి ఫిల్టరు పెట్టి వారానికోసారి దులపండి. లెక్కలకు మాత్రమే వాడే కంప్యూటర్ వంద వాట్లు కూడా తీసుకోదు కాబట్టి పెద్ద వాట్లది అక్కర్లేదు. మంచి 450 కొని, లోపలివి 105 డిగ్రీల కెపాసిటర్లని, పూర్తి వాట్లు 40 డిగ్రీల దగ్గర కాకుండా 50 డిగ్రీల దగ్గర ఇస్తుందని స్పెసిఫికేషన్లో రాసినది ఎంచుకోండి. మీ చోటుకు ఆ ఒక్క వాక్యం బ్రాంజ్, గోల్డ్ ముద్రల కంటే విలువైనది.

డిగ్రీ విద్యార్థి, గొల్లపూడి

రిఫర్బిష్డ్ డెల్ ఆప్టిప్లెక్స్ టవర్ కొన్నాను. గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి. లోపల 8 పిన్నుల వైరే లేదు. హార్డ్‌డిస్కుకు వెళ్లే సాటా వైరు నుంచి 8 పిన్నులకు మార్చే అడాప్టర్ 150 రూపాయలకు దొరుకుతోంది.

ఆ అడాప్టర్ జోలికి వెళ్లకండి. సాటా పవర్ కనెక్టరులో 12 వోల్టులకు ఉన్నవి మూడు చిన్న పిన్నులు, ఒక్కోటి ఆంపియరున్నర. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, 54 వాట్లు. 8 పిన్నుల కార్డు అక్కడి నుంచి 150 దాకా అడగొచ్చు. ప్లాస్టిక్ మెత్తబడి, గోధుమ రంగుకు తిరిగి, తర్వాత అంటుకుంటుంది.

ఈ ఆఫీసు మెషీన్లలో చాలావాటికి బోర్డుకు వెళ్లే కనెక్టరు కూడా మామూలు 24 పిన్నులది కాదు, డెల్ సొంతది. అలాంటివాటికి బజారు ఎస్‌ఎంపీఎస్ నేరుగా ఎక్కదు. అదనపు వైరు అక్కర్లేకుండా స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు చూసుకోండి. జీటీఎక్స్ 1650లో పవర్ కనెక్టరు లేని రకం ఉంది. ఒకే పేరుతో 6 పిన్నులున్నదీ అమ్ముతారు కాబట్టి బొమ్మ చూసి కొనండి. జీటీ 1030కి 30 వాట్లు చాలు, కానీ గేమ్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు.

పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

గేమ్ మధ్యలో ఆగిపోతోంది. సర్వీసు కుర్రాడు ఎస్‌ఎంపీఎస్ వైర్లలో పిన్నీసు పెట్టి చూసి, ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి బాగుందన్నాడు. నమ్మొచ్చా?

పిన్నీసు పరీక్ష అంటే 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్లదానికి కలపడం. ఎస్‌ఎంపీఎస్ లేస్తుందో లేదో అది చెబుతుంది. బరువు మోస్తుందో లేదో చెప్పదు. మంచం మీంచి లేచినవాడల్లా బస్తా మోయలేడు.

మీరే ఇలా చూడండి. ముందు యూపీఎస్, స్పైక్ గార్డు తీసేసి గోడ సాకెట్‌కే నేరుగా పెట్టండి. తప్పు వాటిదైతే ఇక్కడే తేలిపోతుంది. తర్వాత ప్రాసెసర్, కార్డు వేడి ఎంతుందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూడండి. ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరి ఆగుతుంటే ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే కంగారు పడొద్దు. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని అది చెప్పేదంతే, కారణం చెప్పదు. బ్లూ స్క్రీన్ వచ్చి ఆగుతుంటే ర్యామ్, డ్రైవర్ల వైపు చూడండి. తెర ఒక్కసారిగా చీకటై, ఫ్యాన్లతో సహా అన్నీ ఆగితే అనుమానం ఇటు మళ్లుతుంది.

ఇప్పుడు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్‌ను కార్డు ఒప్పుకున్నంత కిందికి దించి అదే గేమ్ ఆడండి. ఆగడం మానేస్తే దాదాపు దొరికినట్టే. గట్టి రుజువు కావాలంటే ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టరులో పసుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టి గేమ్ నడపండి. పిన్నులు రెండూ మీటరు మొనతో కలిసిపోకుండా జాగ్రత్త. 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. ఎరుపు-నలుపు మధ్య 4.75 నుంచి 5.25. గేమ్ మొదలవగానే 12 కాస్తా 11.3కి జారితే ఎస్‌ఎంపీఎస్ వృద్ధాప్యంలో ఉంది. మీటరు కొలత మారకుండా కూడా ఆగిపోవచ్చు, ఎందుకంటే కార్డు లాగే క్షణకాలపు కుదుపును మామూలు మీటరు పట్టలేదు. అప్పుడు స్నేహితుడి దగ్గర మంచిదొకటి తెచ్చి ఒక సాయంత్రం మార్చి చూడటమే.

పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

650 వాట్ల మాడ్యులర్ (వైర్లు విడిగా ఊడదీసే రకం) ఎస్‌ఎంపీఎస్ సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు వస్తోంది. వైర్లు కొన్ని లేవు, వేరే కంపెనీవి పెట్టుకోవచ్చంటున్నారు. వరదలో తడిసిందేమోనని కూడా అనుమానం.

2024 సెప్టెంబరులో బుడమేరు మీ వీధుల్లో ఏం చేసిందో మీకు మేం చెప్పనక్కర్లేదు. నేల మీదున్న క్యాబినెట్లన్నీ ఆ నీళ్లలో నానాయి. ఎండబెట్టిన ఎస్‌ఎంపీఎస్ లేస్తుంది కూడా. బురదలోని ఉప్పులు సర్క్యూట్ బోర్డు మీద మిగిలిపోయి, తర్వాతి ముసురులో దాని పని పడతాయి. టార్చి వేసి జాలీలోంచి చూడండి: అడుగున మట్టి గీత, స్క్రూల తలల మీద తుప్పు, కనెక్టరు పిన్నుల మీద తెల్లటి లేదా పచ్చటి పొక్కు, అంచులు ఉబ్బిన లేబుల్. ఒక్కటి కనిపించినా వదిలేయండి.

ఏమీ కనిపించకపోయినా వైర్ల సంగతి ఒక్కటే చాలు వద్దనడానికి. మాడ్యులర్ వైర్లలో బోర్డు వైపు కొన మాత్రమే అందరికీ ఒకటి. ఎస్‌ఎంపీఎస్ వైపు కొనలో ఏ పిన్ను దేనికన్నది కంపెనీ కంపెనీకీ, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కూ మోడల్‌కూ మారుతుంది. ఆకారం సరిపోయి చక్కగా ఎక్కుతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళుతుంది. ఎస్‌ఎస్‌డీ, అందులోని ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ స్విచ్చి వేసిన క్షణంలో పోతాయి. అమ్మేవారు దాని సొంత వైర్లన్నీ, బిల్లూ చూపిస్తే అప్పుడు బేరం మొదలుపెట్టండి.